మా కారు రేడియో వెనక ఎవరి పేరు?

నేను శ్రీకాకుళంలో ఉంటాను. నేను సైన్సు చెప్పే బడి ఇంటికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. పోనూ రానూ నా పాత కారులో ఒక్కదాన్నే. ఆ దారిలో నాకు తోడంటే రేడియో ఒక్కటే. పొద్దున్న వార్తలు, సాయంత్రం పాటలు, మధ్యలో ఎరువుల ప్రకటనలు, అన్నీ వింటాను. కిందటి నెల బడి ముందే బ్యాటరీ చచ్చిపోయింది. ఊళ్లో మెకానిక్‌ని పిలిస్తే అరగంటలో కొత్త బ్యాటరీ పెట్టేశాడు. తాళం తిప్పితే ఇంజిను బంగారంలా పలికింది కానీ రేడియో మాత్రం పాటకు బదులు తెర మీద 'కోడ్' అని చూపించి ఊరుకుంది. కొన్ని కార్ల రేడియోలకు దొంగల భయంతో కంపెనీ వాళ్లే నాలుగంకెల రహస్య సంఖ్య పెడతారట. కరెంటు తెగితే, ఆ సంఖ్య నొక్కేదాకా నోరు విప్పదట. ఏడేళ్లుగా నడుపుతున్న కారులో ఇలాంటిది ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది.

తెలియనప్పుడు ఊరుకోవాలి కదా! నేను ఊరుకునే రకం కాదు. మొదట కారు నంబరు నొక్కాను, తప్పు. తర్వాత మా అబ్బాయి పుట్టిన సంవత్సరం నొక్కాను, అదీ తప్పే. మా అబ్బాయి ఎప్పుడు పుట్టాడో ఎక్కడో ఫ్యాక్టరీలో తయారైన రేడియోకి ఎందుకు తెలియాలో అప్పుడు తట్టలేదు. నిజానికి ఆ రేడియో కారుతో వచ్చింది కూడా కాదు. కారు కొన్నప్పుడు అందులో రేడియో ఉండాల్సిన చోట బొక్కే ఉండేది. అప్పట్లో నేను విశాఖపట్నం మర్రిపాలెంలో అద్దెకుండేదాన్ని. పక్కనే ఉన్న కంచరపాలెంలో ఒక కారు ఎలక్ట్రీషియన్ దగ్గర, అదే కంపెనీది, సెకండ్‌హ్యాండు రేడియో ఉందంటే చవగ్గా వచ్చిందని సంబరపడి పెట్టించుకున్నాను. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మర్యాదస్తుడైన పెద్దాయన. టీ తెప్పించి మరీ ఒక మాట చెప్పాడు, బ్యాటరీ బయట ఎక్కడా తీయించొద్దు, తీయించాల్సి వస్తే తన దగ్గరికే రమ్మని. నాలుగేళ్ల కింద తీయించాల్సి వస్తే ఆయన దగ్గరికే వెళ్లాను, ఏదో తంటాలు పడి అంతా సరిచేసి ఇచ్చాడు. ఆ మాటను నా మీద శ్రద్ధ అనుకున్నాను.

రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఆ రోజు బయల్దేరాను. మా కారు కంపెనీ వాళ్ల సర్వీసు సెంటరు విశాఖలోనే ఉంది. ఫోన్ చేస్తే కారు ఆర్‌సీ, ఆధార్ కార్డు తెమ్మన్నారు. రేడియో బయటికి తీసి దాని పెట్టె మీదున్న సీరియల్ నంబరు చూస్తే, దాన్నిబట్టి కోడ్ తెప్పిస్తామన్నారు. పొద్దున్న ఆరుంబావుకి ఇంట్లోంచి బయటపడి హైవే ఎక్కాను. నాతవలస టోల్ దాటేసరికి ఏడున్నర. శ్రీకాకుళం నుంచి విశాఖకు దగ్గర దగ్గర నూట పది కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే రెండుంబావు గంటలు. ఆనందపురం జంక్షన్‌లో మాత్రం చూసుకోండి. అక్కడ కుడివైపు కొత్త రోడ్డు సిటీలోకి పోకుండా అనకాపల్లి వైపు తీసుకుపోతుంది. పాటలు లేని కారులో నిద్రమత్తుతో వెళ్తే ఆ రోడ్డు ఎక్కేయడం ఖాయం. నేను దాదాపు ఎక్కేశాను.

అక్కడే ఆగి టిఫిన్ చేశాను. రోడ్డు పక్క బండి మీద ఒకామె పెసరట్లు వేస్తోంది. ఉప్మా పెసరట్టు, టీ కలిపి డెబ్బై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత. మంచినీళ్లు ఇచ్చిన స్టీలు గ్లాసు మీద చుక్కచుక్కలుగా కొట్టిన పేరు కనిపించింది. స్టీలు సామాను మీద పేరు కొట్టించుకోవడం మనకు ఎంత అలవాటంటే, చేతిలోకి ఏ గిన్నె వచ్చినా తిప్పి ఎవరిదో చదవకుండా ఉండలేం. మీ పేరేనా అని అడిగాను.

"అది మా తోటికోడలి పేరమ్మా. పెళ్లిలో సామాన్లు కలిసిపోనాయి. అడిగితే ఇచ్చీద్దును. ఆవిడ అడగనేదు, నాను ఇవ్వనేదు" అంది అట్టు తిరగేస్తూ.

నేను నవ్వాను. ఆ రోజు నేను హాయిగా నవ్విన నవ్వు అదొక్కటే అని తర్వాత లెక్క తేలింది.

మధురవాడ, హనుమంతవాక మీదుగా సర్వీసు సెంటరుకి చేరేసరికి తొమ్మిదిన్నర. రేడియో బయటికి తీసినందుకు ఐదు వందలు, కోడ్ కావాలంటే దానికి వేరే అన్నారు. సర్వీసు అడ్వైజరు నలగని చొక్కా వేసుకున్న యువకుడు, మాట మెత్తన. రేడియో అంచుల్లో రెండు సన్నటి ఇనప కడ్డీలు దూర్చి లాగితే అది సొరుగులా బయటికి వచ్చేసింది. వెనక తీగల ప్లగ్గు ఊడదీసి, తిప్పి చూసి, ఆయన ఏదో చదివాడు. నా వైపు తిప్పి పట్టుకున్నాడు.

రేకు పెట్టె మీద చుక్కచుక్కలుగా, గిన్నెల మీద కొట్టినట్టే, తెలుగులో పేరుంది. 'కె. మార్త, చర్చి వీధి, కంచరపాలెం.' చివర చిన్న పువ్వు. ఆ పువ్వు రేకులు సరిగ్గా కంపెనీ వాళ్ల స్టిక్కరు మీదికి ఎక్కి, సీరియల్ నంబరులో చివరి మూడంకెల్నీ, పక్కనున్న బార్‌కోడ్ గీతల్నీ నుజ్జు చేసేశాయి.

ఏడేళ్లు రోజూ నా మోకాళ్ల ముందు ఇంకొక ఆడమనిషి పేరు పెట్టుకుని తిరిగానన్నమాట. అడ్వైజరు కంప్యూటర్లో చూసి, మిగిలిన అంకెల్నిబట్టి చూసినా ఈ రేడియో ఈ కారుది కాదన్నాడు. కాదని నాకూ తెలుసు, సెకండ్‌హ్యాండు కొన్నానని చెప్పాను. బిల్లుందా అన్నాడు. లేదన్నాను. కోడ్ కార్డు ఇచ్చారా అన్నాడు. అలాంటిదొకటి ఉంటుందనే నాకు తెలియదు. పూర్తి నంబరు లేకుండా, రేడియో మీద ఇంకొకరి పేరు పెట్టుకుని వస్తే తాము ఏమీ చేయలేమని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది. బడిలో పిల్లలకు నిజాయితీ గురించి చెప్పేది నేనే. రెండుసార్లు తప్పు నొక్కేశానని ఒప్పుకుంటే, "ఇంక ఒక్క ఛాన్సే ఉంది మేడం. అదీ తప్పితే పూర్తిగా లాక్ అయిపోతుంది" అన్నాడు. మళ్లీ పెట్టుకోవాలంటే ప్లగ్గు గుచ్చి లోపలికి నెడితే చాలని చూపించి, రేడియోని ఒక పాత పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు.

బుద్ధున్న మనిషైతే అక్కడినుంచి ఇంటికి వచ్చేయాలి. కొత్త రేడియో ఏమంత ఖరీదు? కానీ ఆ పేపరు పొట్లం పక్క సీట్లో కూర్చుని ఉంటే స్టీరింగు ఇంటి వైపు తిరగలేదు. దొంగసొమ్మా? ఆ మర్యాదస్తుడు నాకు దొంగసొమ్ము అమ్మాడా? ఆయన్నే నిలదీద్దామని కంచరపాలెం పోనిచ్చాను. సిటీ ట్రాఫిక్‌లో ముప్పావుగంట పట్టింది. పాత ఐటీఐ దాటాక సందుల్లో కారు పెట్టడానికి చోటుండదు. మెయిన్ రోడ్డు మీదే ఆపుకుని నడవడం మేలు. షాపున్న చోట ఇప్పుడు చికెన్ పకోడీలు అమ్ముతున్నారు. ఎదురుగా టీ కొట్టాయన్ని అడిగాను.

"ఆయనా? పోనాడమ్మా, రెండేళ్లైపోనాది. కొడుకులు షాపు ఇచ్చీసి ఎల్లిపోనారు" అన్నాడు. మంచాయన, ఎవుల్నీ మోసం సేసిన మనిషి కాదు అని కూడా కలిపాడు. నేను పొట్లాన్ని చంకలో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. చర్చి వీధిలో మార్త అంటే తెలుసా అని అడిగితే, నర్సమ్మగారేనా అని వెంటనే దారి చెప్పాడు. రైలు పట్టాల వైపు మూడో సందు, నీలం గేటు.

ఆ నీలం గేటు ముందు నేను ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఏమని చెప్పాలి? మీ వస్తువు ఏడేళ్లుగా నా దగ్గరుందని చెప్పడానికి మాటలు ఎలా మొదలుపెడతారో నాకెవరూ నేర్పలేదు. తలుపు తీసినామెకు యాభై ఉంటాయి. ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, మధ్యాహ్నం డ్యూటీకి జడ వేసుకుంటోంది. భర్త పోర్టులో క్రేను నడుపుతాడట, అప్పుడు ఇంట్లో లేడు. నేను ఇంకేం ఆలోచించకుండా పేపరు విప్పి, మీరు మార్తగారేనా, ఇది మీదేనా అని అడిగేశాను.

ఆమె పేరు చదవలేదు. ముందు ఆ పువ్వు మీద వేలు పెట్టింది. జడ సగంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. నాకు కంగారు పుట్టింది, పోలీసులకు ఫోన్ చేస్తుందేమో అనుకున్నాను. వంటింట్లోంచి చెంబొకటి, పప్పుగిన్నె ఒకటి, కంచం ఒకటి పట్టుకొచ్చి నేల మీద రేడియో పక్కన వరసగా పెట్టింది. అన్నిటి మీదా అదే చేతిరాత, అదే పేరు, చివర అదే అయిదు రేకుల పువ్వు. తర్వాత గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

"మా తమ్ముడు కొట్టినాడు మేడం ఇది. ఆడి పువ్వే ఇది" అంది.

నెమ్మదిగా సంగతంతా చెప్పింది. తమ్ముడి పేరు ఏసుపాదం. అప్పట్లో స్టీలు సామాన్ల షాపులో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. అక్కాబావలు సెకండ్‌హ్యాండు కారు కొనుక్కున్న కొత్తలో, దాని రేడియో ఇంకా బిగించకుండా ఇంట్లోనే ఉండగా, షాపు మిషను ఇంటికి తెచ్చి వంటింట్లో ఉన్న ప్రతి గిన్నె మీదా ఆమె పేరు కొట్టాడు. ఏడేళ్ల కింద కారు బ్యాటరీ మార్చడానికి ఆ ఎలక్ట్రీషియన్ షాపులో వదిలారు. మర్నాడు వెళ్తే రేడియో లేదు. అడిగితే, నిన్న సాయంత్రం మీ తమ్ముడొచ్చి నువ్వు తెమ్మన్నావని తీసుకుపోయాడు అన్నాడట షాపాయన. ఏసుపాదం ఆ సాయంత్రం షాపుకి వెళ్లిన మాట నిజమే, బండి అయిందా అని కనుక్కోవడానికి వెళ్లాడు. దానికి తోడు అంతకుముందు ఒకసారి ఇంట్లో చెప్పకుండా నిండు గ్యాస్ సిలిండరు అమ్ముకున్న ఘనుడు. ఇంకేం, అందరూ అతని మీదే పడ్డారు.

"మొత్తుకున్నాడు మేడం. దాని మీద కూడా నీ పేరు కొట్టీసినానక్కా, నాను తీసుంటే అమ్ముకోగలనా, ఎక్కడ తేలినా అది నీ దగ్గరికే వస్తాది అన్నాడు. కొత్తగా కొన్న కారు సామాను మీద కొడితే తిడతానని ముందు సెప్పనేదట. కారు రేడియో మీద పేరు కొట్టడమేటిరా, అబద్ధం ఆడినా అతికినట్టు ఆడు అన్నాను నాను. ఆ షాపాయన్ని నమ్మినాను, సొంత తమ్ముణ్ని నమ్మనేదు."

ఇక నాకు తమ్ముడే లేడు పొమ్మంది. అతను దువ్వాడ వెళ్లిపోయాడు. మూడేళ్ల కింద తల్లి పోయినప్పుడు సమాధి దగ్గర కూడా ఆమె అతని వైపు చూడలేదు. నేను వింటూ నిలువునా నీరైపోయాను. ఆ అబద్ధం పుట్టింది ఎందుకు? చవగ్గా ఒక రేడియో కావాలని అడిగిన నాబోటి కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి. బహుశా ఆ వారంలోనే నేను ఆ షాపులో టీ తాగుతూ కూర్చున్నాను. వీళ్లింట్లో కొట్లాట జరుగుతున్నప్పుడు నేను పాటలు వింటూ ఇంటికి వెళ్లాను. ఆ పేరును ఆయన గీకి పారేయలేదు కూడా. డ్యాష్‌బోర్డు లోపలికి వెళ్లేదాన్ని ఎవరు చూడొచ్చారని ధైర్యం.

ఆమె కళ్లు తుడుచుకుని, మరి షాపాయనకు కోడ్ ఎలా తెలిసింది, అది లేకుండా మీ కారులో ఎలా పాడింది అని నన్నే అడిగింది. అడిగిన మరుక్షణం తనకే గుర్తొచ్చింది. ఆ రోజు ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగా షాపు నుంచి ఫోన్ వచ్చింది, బ్యాటరీ మార్చాక రేడియో కోడ్ అడుగుతోంది చెప్పమని. "నా నోటితో నానే సెప్పినాను మేడం" అంది. ఏడేళ్లలో ఆ ఫోన్ సంగతి ఒక్కసారైనా తలపుకు రాలేదట.

గ్యాస్ పుస్తకం ప్లాస్టిక్ కవరులోంచి బ్యాంకు కార్డంత కార్డు తీసింది. కారు అమ్మేసి నాలుగేళ్లయినా అది మాత్రం అక్కడే ఉండిపోయింది. కార్డు మీద సీరియల్ నంబరు, కింద నాలుగంకెల కోడ్. నేను రేడియో పట్టుకుని, ఆమె కార్డు పట్టుకుని, క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క అక్షరం చదువుకున్నాం. పద్నాలుగులో పదకొండు కలిశాయి. మిగిలిన మూడూ పువ్వు కింద ఉన్నాయి. ఇది చాలదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. పదకొండు కలిసే రేడియోలు ఇంకెన్ని ఉంటాయో, పేరుకేముంది, ఇంకెవరైనా కొట్టొచ్చు, కోడ్ పడితేనే నమ్ముతాను అంది. అంత కచ్చితం ఆమెకు ఏడేళ్ల కింద ఆ షాపులో ఉండాల్సింది. ఆ మాట నేను పైకి అనలేదు.

ఇద్దరం మెయిన్ రోడ్డు దాకా నడిచి కారులో కూర్చున్నాం. ప్లగ్గు గుచ్చి, ఏరియల్ తీగ తగిలించి, రేడియోని సగమే లోపలికి నెట్టాను. తాళం తిప్పితే తెర మీద మళ్లీ 'కోడ్'. ఉన్నది ఒక్క ఛాన్సు. అంకె తప్పితే రేడియో పోతుంది, పోతే పోయింది, కానీ ఏసుపాదం మాట నిజమో కాదో ఇంక ఎప్పటికీ తేలదు. మీరే నొక్కండి అన్నాను. రోజుకు పదిమందికి ఇంజక్షను గుచ్చే చేతిని ముందు చున్నీకి తుడుచుకుంది. ఒక్కొక్క అంకె నొక్కి, కార్డు చూసి, నన్ను చూసి, మళ్లీ కార్డు చూసి, నాలుగూ పూర్తిచేసింది. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత తెర మీద 'కోడ్' పోయి స్టేషను నంబరు వచ్చింది. బంగారం మీద అప్పులిస్తామని ఒకాయన కారంతా అదిరేలా అరిచాడు. మార్త రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ ప్రకటన అయిపోయేదాకా ఇద్దరం కదల్లేదు.

ఆస్పత్రికి ఫోన్ చేసి డ్యూటీ మార్చుకుంది. దువ్వాడ వెళ్దామా అని అడిగింది నేనే. కంచరపాలెం నుంచి ఎన్‌ఏడీ జంక్షన్, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా ఇరవై కిలోమీటర్ల లోపే, కానీ గాజువాకలో లారీల మధ్య గంట పైనే పడుతుంది. ఒంటిగంటకు బయల్దేరి రెండుంబావుకి చేరాం. భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. దారంతా ఆమె రేడియో కట్టేయనివ్వలేదు. ఒక్కసారి మాత్రం అడిగింది, వాడు నన్ను చూసి లోపలికి వెళ్లిపోతే ఏం చేయాలి అని. అమ్మ సమాధి దగ్గర నేను చేసింది అదే కదా, వాడు అదే చేస్తే అడిగే మొహం నాకు లేదు అని ఆమే అనుకుంది.

దువ్వాడ స్టేషను దగ్గర చిన్న స్టీలు సామాన్ల షాపు ఇప్పుడు ఏసుపాదానిదే. అడ్రసు ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఏడేళ్లలో ఆ వైపు వెళ్లలేదట. షాపు ఎదురుగా ఆపాను. మార్త సీటు బెల్టు తీసుకుంది కానీ తలుపు తీయలేదు. నేను రేడియో ఊడదీసి పట్టుకుని దిగాను. నలభై దాటిన సన్నటి మనిషి, కళ్లజోడు ముక్కు చివర, పెళ్లి బిందె మీద పేరు కొడుతున్నాడు. మిషను చప్పుడుకి నా మాట వినపడలేదు. రేడియోని బల్ల మీద, పేరు పైకి వచ్చేలా పెట్టాను.

మిషను ఆగిపోయింది. అతను దాన్ని ఎత్తలేదు. పువ్వు మీద పడిన రేకుపొడిని వేలితో తుడిచినట్టు తుడిచాడు, అక్కడ పొడేమీ లేకపోయినా. తర్వాత తలెత్తి నా వెనక రోడ్డు మీదికి చూశాడు. మార్త అప్పటికి కారు దిగి, చున్నీ కొసను చేతిలో నలుపుతూ షాపు మెట్టు దగ్గర నిలబడి ఉంది. తిడతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను, లోపలికి వెళ్లిపోతాడనుకున్నాను.

"ఒచ్చీసిందేటక్కా?" అన్నాడు.

అంతే. ఎవరో చుట్టాన్ని స్టేషనులో దింపడానికి వెళ్లి తిరిగొచ్చిన మనిషిని అడిగినట్టు. మార్త మెట్టు మీదే కూర్చుని గట్టిగా ఏడ్చింది. అతను లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను బిందెల వైపు తిరిగి నిలబడ్డాను. ఎవరి పెళ్లి బిందెలో తెలియదు కానీ వాటి మీద పేర్లన్నీ మూడుసార్లు చదివాను.

ఆ తర్వాత ముగ్గురం అతని క్యారేజీలోని అన్నం పంచుకున్నాం. చేపల పులుసు. తిన్నాక అతను కార్డు అడిగి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, నుజ్జయిన స్టిక్కరు పక్కనే ఆ మూడంకెలూ శుభ్రంగా కొట్టాడు. అప్పుడు సూసుకోకుండా మిషను ఎక్కించీసినాను, అది నా తప్పే అన్నాడు. రేడియో నేను వాళ్లకే ఇచ్చేస్తానన్నాను. మాకిప్పుడు కారే లేదు, మీరే ఉంచుకోండి, మీరు తెచ్చినందుకే తెలిసింది కదా అని మార్త బలవంతం చేసింది. ఉంచుకోవడానికి నాకు మనసొప్పలేదు. చివరికి ఏసుపాదం ఒక పాత కారు బ్యాటరీ సంపాదించి షాపులో పెట్టుకుని పాడిస్తానన్నాడు. నేను నాలుగున్నరకు బయల్దేరి అనకాపల్లి బైపాస్ మీదుగా ఆనందపురం వచ్చి, ఎనిమిది లోపల ఇంట్లో ఉన్నాను.

ఇప్పుడు నా కారులో రేడియో ఉండాల్సిన చోట మళ్లీ బొక్కే ఉంది. అందులో టోల్ రసీదులు, సుద్దముక్కలు పెట్టుకుంటున్నాను. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు నిశ్శబ్దంగా వెళ్తుంటే, ఆ పెద్దాయన నాకు పోయించిన టీ గుర్తొస్తుంది. ఆయన్ని తిట్టుకుంటాను. ఆ తర్వాత బిల్లు అడగని నన్ను నేను ఇంకాస్త ఎక్కువ తిట్టుకుంటాను. ఒక నాలుగంకెల కోసం వెళ్లి ఇంతటిది తెలుసుకున్న దిగ్భ్రమ నాకింకా పూర్తిగా తగ్గలేదు.

ఇలాంటి పని మీద బయల్దేరే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. బ్యాటరీ తీయించే ముందే రేడియో సీరియల్ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి, కోడ్ తెలియకపోతే గుడ్డిగా నొక్కకండి. సెకండ్‌హ్యాండు రేడియో కొంటే మాత్రం కోడ్ కార్డు అడగండి. కార్డు లేకుండా అమ్ముతున్నారంటే, ఆ కార్డు ఇంకా ఎవరింట్లోనో ఉందని అర్థం.